తెర మీద చెప్పిన మాటకు లెక్క చెప్పించండి

సెబీ చైర్మన్ శ్రీ తుహిన్ కాంత పాండే గారికి,



మార్కెట్ పనిచేసే ప్రతి రోజూ ఉదయం తొమ్మిదయ్యేసరికి కేబుల్ టీవీ బిజినెస్ చానళ్లలో ఒకే తంతు మొదలవుతుంది. తెర అడుగున షేర్ల ధరలు పాకుతుంటాయి. ఓ మూల సూచీలు ఎరుపులోకీ ఆకుపచ్చలోకీ మారుతుంటాయి. మధ్యలో యాంకర్, అటూ ఇటూ ఇద్దరు ముగ్గురు నిపుణులు. 9.15కు ట్రేడింగ్ మొదలయ్యేలోపు ఒక్కొక్కరు ఒకటో రెండో షేర్ల పేర్లు చెబుతారు. ఎంతలో కొనాలి, టార్గెట్ ఎంత, నష్టం పెరగకుండా అమ్మేయాల్సిన స్టాప్‌లాస్ ధర ఎక్కడ పెట్టుకోవాలి అన్నీ అర నిమిషంలో అయిపోతాయి. యాంకర్ థాంక్యూ చెప్పి ప్రకటనల్లోకి వెళ్లిపోతారు. ఆ తర్వాత టార్గెట్ తగిలిన షేర్లుంటే వాటిని గొప్పగా గుర్తుచేస్తారు. స్టాప్‌లాస్ తగిలినవాటి ఊసు మాత్రం అరుదుగా వస్తుంది. మర్నాడు ఉదయానికి పేర్లు కొత్తవి, ధీమా పాతదే. జాతీయ చానళ్ల ఈ మూసనే ప్రాంతీయ చానళ్లూ అందుకున్నాయి. తెలుగు వార్తా చానళ్లలోనూ పొద్దుటి మార్కెట్ కార్యక్రమాలకు కదలకుండా కూర్చునే ప్రేక్షకులున్నారు.

ఈ లేఖలో కోరేది ఒక్కటే. టీవీలో షేరు పేరు పెట్టి, ధర చెప్పి ఇచ్చే ప్రతి సిఫార్సునూ ప్రసారమైన నిమిషంతో సహా నమోదు చేయించండి. అది చివరికి ఏమైందో, ఖర్చులు పోను ఎంత మిగిలిందో, ఎంత పోయిందో అదే కార్యక్రమంలో, చెప్పిన నిపుణుడి పేరు పక్కనే చూపించేలా నియమం తెండి. నిషేధాలు, లైసెన్సుల రద్దు లాంటివేవీ ఇక్కడ అడగడం లేదు. చెప్పిన మాటకు లెక్క ఉండాలంటున్నాం, అంతే.

ఇందుకు మొదటి ఆధారం మీ సంస్థ రికార్డుల్లోనే ఉంది. 2021 జనవరిలో సెబీ ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సీఎన్‌బీసీ ఆవాజ్‌లో వచ్చిన ‘స్టాక్ 20-20’ కార్యక్రమంలో ఏ షేర్ల పేర్లు చెప్పబోతున్నారో, యాంకర్ భార్య, తల్లి ఖాతాల్లో వాటిని ముందురోజే కొని, ప్రసారం తర్వాత అమ్మేశారన్నది అందులోని ఆరోపణ. అక్రమ లాభంగా లెక్కగట్టి నిలిపేసిన మొత్తం 2.95 కోట్ల రూపాయలు. మూడేళ్లు తిరిగాక, 2024 ఫిబ్రవరిలో, జీ బిజినెస్‌లో కనిపించిన అతిథి నిపుణుల విషయంలో మరో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తాము చెప్పబోయే పేర్లను వాళ్లు కొందరికి ముందే అందించారని, అవి అందుకున్నవారు ముందు కొనిపెట్టుకుని ప్రసారం కాగానే అమ్మి బయటపడ్డారని, వచ్చిన దాంట్లో వాటాలు పంచుకున్నారని సెబీ చెప్పింది. ఈసారి మొత్తం 7.41 కోట్లు. వ్యక్తుల పేర్లు ఇక్కడ అనవసరం. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదన్నదీ గుర్తుంచుకోవాల్సిందే. అయితే ఈ ఉత్తర్వులను దొంగల కథలుగా చదివి పక్కన పెట్టేస్తే అసలు సంగతి జారిపోతుంది. టీవీలో పేరు వినపడగానే ఆ షేరు ధర లేస్తుంది. లేచిన ధర దగ్గర కొనేది ప్రేక్షకుడు, అతనికి అమ్మేది ముందే కొని కూర్చున్నవాడు. ఈ లెక్క కుదరకపోతే ఆ పథకాలు వేసే అవసరమే ఎవరికీ ఉండేది కాదు. నిపుణుడు నూటికి నూరుపాళ్లు నిజాయతీపరుడే అనుకుందాం. అప్పుడు లాభపడేవారు మారతారేమో కానీ, ప్రేక్షకుడు మాత్రం వరసలో చివరివాడుగానే మిగిలిపోతాడు.

ఇది మన దేశానికే పరిమితమైన వ్యవహారం కాదు. అమెరికా సీఎన్‌బీసీ 2000లో ప్రసారం చేసిన రెండు రోజువారీ శీర్షికలను ఎమరీ విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు సెకన్ల లెక్కన గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఒక షేరు గురించి మంచి మాట వినపడ్డ కొన్ని సెకన్లకే ధర కదిలింది. సుమారు ఒక నిమిషంలో ఆ కదలిక ముగిసింది కూడా. మొదటి 15 సెకన్లలోపు ఆర్డరు పెట్టగలిగినవారికే ఖర్చులు పోను కాస్త మిగిలింది. అప్పటికింకా మొబైల్ ఫోన్లలో ట్రేడింగ్ ఇంతగా లేదు, కంప్యూటర్లు ఇప్పుడున్నంత జోరుగా ఆర్డర్లు వేసేవీ కావు. మరో పరిశోధన జిమ్ క్రేమర్ 2005 నుంచి నడుపుతున్న ‘మ్యాడ్ మనీ’ టీవీ కార్యక్రమం మీద జరిగింది, 2012లో ప్రచురితమైంది. మార్కెట్ మూశాక సాయంత్రం ఆయన కొనమన్న షేర్లు మర్నాటికల్లా ఎగిశాయి. తర్వాత కొద్ది నెలల్లో ఆ ఎగిసినదంతా తిరిగి దిగిపోయింది. చిన్న కంపెనీల షేర్లలో, రోజూ పెద్దగా చేతులు మారని వాటిలో ఈ ఎగుడుదిగుళ్లు మరీ ఎక్కువ. అక్కడ రహస్య ఒప్పందాలేవీ అవసరం పడలేదు. లక్షల కళ్లు ఒకేసారి ఒకే షేరు మీద పడటమే చాలింది.

అసలు చిక్కు ‘రోజూ’ అన్నచోట ఉంది. వ్యాపారాలు నిదానంగా మారతాయి. సిమెంటు ఫ్యాక్టరీ కట్టడానికి ఏళ్లు పడుతుంది. హైదరాబాద్ మందుల కంపెనీ ఒక జెనరిక్ ఔషధానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంది. కంపెనీల ఫలితాలు మూడు నెలలకోసారి వస్తాయి, రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్ల సమీక్ష రెండు నెలలకోసారి. బడ్జెట్ ఏడాదికోసారి. కార్యక్రమం మాత్రం రోజూ ఉంటుంది, చానల్ అయితే ఉదయం నుంచి రాత్రి దాకా ఉంటుంది. ఆ ఖాళీని దేనితో నింపాలి? ధరల కదలికతో. ఒక షేరు ఒక శాతం పెరిగితే కారణం చెప్పాలి, మధ్యాహ్నానికి అది తగ్గితే ఇంకో కారణం వెతకాలి. చాలా రోజుల్లో చిన్న మదుపరికి ఇవ్వదగిన ఉత్తమ సలహా, ‘ఈరోజు ఏమీ చేయకండి’ అన్నదే. ఆ ఒక్క మాట మీద ఏ కార్యక్రమమూ పూట గడుపుకోలేదు. కాబట్టి ఏదో ఒకటి కొనాలి, ఏదో ఒకటి అమ్మాలి. ఇందులో యాంకర్లనో నిపుణులనో తప్పుపట్టి లాభం లేదు. రోజుకో సిఫార్సు లేనిదే నడవని కార్యక్రమంలో ఎవరు కూర్చున్నా చేసేది అదే.

తరచుగా కొనడం, అమ్మడం వల్ల చిన్న మదుపరికి ఏమవుతుందో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. బ్రాడ్ బార్బర్, టెరాన్స్ ఓడీన్ అనే ఆర్థికవేత్తలు 1991 నుంచి 1996 వరకు ఒక అమెరికన్ బ్రోకరేజి సంస్థలో ఖాతాలున్న 66,465 కుటుంబాల లావాదేవీలు పరిశీలించారు. అందరికంటే ఎక్కువగా ట్రేడింగ్ చేసిన కుటుంబాలకు ఏడాదికి 11.4 శాతం రాబడి వచ్చింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. మన దగ్గరి లెక్కలు సెబీయే బయటపెట్టింది. 2024 సెప్టెంబరు అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్)లో ట్రేడింగ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. తలా సగటున 2 లక్షల రూపాయలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైమాటే. లావాదేవీల ఖర్చులకే సుమారు 50 వేల కోట్లు కట్టారు. 2024-25లో నష్టపోయినవారు 91 శాతం, ఆ ఒక్క ఏడాది నష్టం 1,05,603 కోట్లు అని ఆ తర్వాతి అధ్యయనం చెప్పింది.

ఆ నష్టమంతా టీవీ పుణ్యమే అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. మొబైల్ యాప్‌లు, యూట్యూబ్, టెలిగ్రామ్ గ్రూపులు, వారం వారం ముగిసే ఆప్షన్ల మీది మోజు, వీటన్నిటికీ అందులో పాత్ర ఉంది. కానీ నష్టపోయినవారెవరో చూస్తే టీవీ మాటకు ఉన్న బరువు తెలుస్తుంది. 2023-24లో ఎఫ్ అండ్ ఓలోకి దిగిన వ్యక్తుల్లో 43 శాతం 30 ఏళ్లలోపువారు. నాలుగింట మూడు వంతులకు పైగా తమ వార్షికాదాయం 5 లక్షలకు లోపేనని చెప్పుకున్నవారు. 72 శాతం మంది దేశంలోని మొదటి 30 నగరాల అవతలివారు. మన దగ్గర చెప్పుకోవాలంటే కరీంనగర్, ఒంగోలు లాంటి ఊళ్లవారన్నమాట. పక్కన సలహాదారు ఎవరూ లేనివారికి కోటు వేసుకుని టీవీలో కూర్చున్న మనిషే నిపుణుడు. ఇక అవతలి పక్షం ఎవరు? అదే ఏడాది ఖర్చులు తీయకముందు సొంత ఖాతా ట్రేడింగ్ సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు 28 వేల కోట్లు లాభం చేసుకున్నారు. ఆ లాభాల్లో వరుసగా 96, 97 శాతం కంప్యూటర్లు వాటంతటవే నడిపే ట్రేడింగ్ ద్వారా వచ్చినవి. యాంకర్ నోట షేరు పేరు పూర్తయ్యేలోపే ఆర్డరు వేయగల యంత్రాలతో, ఫోనులో పిన్ నంబరు కొట్టుకుంటూ ఒంగోలు కుర్రాడు పోటీపడుతున్నాడు.

ఇక నియమాల దగ్గరికి వద్దాం. 2013లో సెబీ పెట్టుబడి సలహాదారుల నియమావళి తెచ్చినప్పుడు, పత్రికలు, టీవీ లాంటి అందరికీ అందే మాధ్యమాల్లో ఇచ్చే సలహాను అసలు ‘పెట్టుబడి సలహా’గానే పరిగణించనక్కర్లేదని నిర్వచనంలోనే మినహాయించారు. మరుసటి ఏడాది వచ్చిన పరిశోధన విశ్లేషకుల నియమావళి ఆ లోటును కొంత పూడ్చింది. బహిరంగ మాధ్యమాల్లో షేర్ల మీద అభిప్రాయం చెప్పేవారు తమ రిజిస్ట్రేషన్ సంగతి, ఆ కంపెనీలో తమకున్న ఆర్థిక ప్రయోజనం వెల్లడించాలంది. పరిశోధన నివేదిక ఇవ్వడానికి 30 రోజుల ముందు నుంచి ఇచ్చాక 5 రోజుల వరకు విశ్లేషకులు ఆ షేర్లలో లావాదేవీలు జరపకూడదంది. మంచి నియమాలే. అవన్నీ చెప్పేవాడికి ఇందులో స్వప్రయోజనం ఉందా అని అడుగుతాయి. చెప్పింది నిజమైందా అని మాత్రం ఒక్కటీ అడగదు. ప్రేక్షకుడికి రెండో ప్రశ్న మొదటిదానికంటే తక్కువదేం కాదు.

ఈలోగా ఇంకో విచిత్రం జరిగింది. సోషల్ మీడియాలో సలహాలిచ్చేవారిని అదుపు చేసే క్రమంలో సెబీ 2025 జనవరిలో ఒక వివరణ ఇచ్చింది. మార్కెట్ పాఠాలు మాత్రమే చెప్పేవారు గడిచిన మూడు నెలల ధరలను తమ పాఠాల్లో వాడకూడదంది. పాఠం ముసుగులో టిప్పులు అమ్మేవారిని ఆపడానికి అది అవసరమే, కాదనలేం. కానీ ఫలితం చూడండి. క్యాండిల్‌స్టిక్ చార్టు ఎలా చదవాలో చెప్పే ఉపాధ్యాయుడు మూడు నెలల పాత ధరలు చూపించాలి. టీవీలో నిపుణుడు మాత్రం మరో పావుగంటలో తెరుచుకునే మార్కెట్‌లో ఏది కొనాలో పేరుతో సహా చెప్పవచ్చు, సాయంత్రానికి దాన్ని మరిచిపోవచ్చు. నిపుణుడికి రిజిస్ట్రేషన్ ఉంది, ఉపాధ్యాయుడికి లేదు, తేడా అదేనని మీ అధికారులు అంటారేమో. రిజిస్ట్రేషన్ ఉందంటే అర్హత పరీక్ష పాసయ్యాడని అర్థం. అతని సిఫార్సులు ఫలించాయో లేదో చెప్పే పని రిజిస్ట్రేషన్ నంబరుది కాదు.

లెక్క ఎలా ఉండాలన్నది కష్టమైన సంగతేమీ కాదు. షేరు పేరు, చెప్పిన సమయం, ఆ నిమిషానికి ధర, టార్గెట్, స్టాప్‌లాస్, గడువు, నిపుణుడికీ అతని సంస్థకూ అందులో ఉన్న ప్రయోజనం. ఇంతే. గడువు తీరిన రోజున ఫలితం దానంతటదే తేలిపోతుంది, ఎందుకంటే ధరలన్నీ ఎక్స్ఛేంజీల దగ్గర నిమిషాలతో సహా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పది సిఫార్సుల్లో (కాల్స్‌లో) ఎనిమిది నెగ్గాయని చూపిస్తే సరిపోదు. ఎనిమిదింటిలో వెయ్యేసి రూపాయలు వచ్చి, రెండింటిలో పదేసి వేలు పోతే ఆ నిపుణుడిని నమ్మినవాడికి మిగిలింది 12 వేల నష్టం. అందుకే గెలుపోటముల సంఖ్య కాకుండా బ్రోకరేజి, పన్నులు పోను సగటు రాబడి చూపించాలి. అదే వ్యవధిలో నిఫ్టీ సూచీ ఎంత ఇచ్చిందో పక్కన ఉండాలి. ప్రవేశ ధరగా నిపుణుడు నోటితో చెప్పిన అంకె కాకుండా, ఆయన చెప్పిన తర్వాతి నిమిషంలో ప్రేక్షకుడికి నిజంగా దొరికిన ధరను తీసుకోవాలి. ఈ చివరి నిబంధన ఒక్కటే చాలా పేరున్నవారి లెక్కల్ని తిరగరాస్తుందని అనుమానం. క్రికెట్ ప్రసారంలో బ్యాటర్ క్రీజులోకి వస్తుండగానే అతని సగటు, స్ట్రైక్ రేటు తెర మీద పడతాయి. నిన్న డకౌటైనా దాచరు. అక్కడ ప్రేక్షకుడు పోగొట్టుకునేది మహా అయితే ఓ సాయంత్రం. ఇక్కడ పోయేది కష్టార్జితం. ఇక్కడ మాత్రం పేరు కింద హోదా తప్ప ఏ అంకే కనపడదు.

దీనికి కావలసిన పునాదిని సెబీ ఇప్పటికే వేసింది కూడా. సలహాదారులు, విశ్లేషకులు చెప్పుకునే గత రాబడినీ రిస్కునూ తనిఖీ చేసే స్వతంత్ర ఏర్పాటు కోసం మీరు బాధ్యతలు చేపట్టిన కొత్తలోనే, 2025 ఏప్రిల్‌లో, సర్క్యులర్ వచ్చింది. పొట్టిగా ‘పార్వా’ అంటున్నారు. లోపం ఎక్కడంటే, అది ఇష్టమైనవారికే. తన గత రికార్డు ప్రచారం చేసుకోదలచినవారు అక్కడికి వెళ్లి తనిఖీ చేయించుకోవచ్చు. రికార్డు బాగాలేనివారు వెళ్లరు, రికార్డు గురించి మాట్లాడరు, టీవీలో మాత్రం మాట్లాడుతూనే ఉంటారు. టీవీలో పేరు పెట్టి సిఫార్సు చేయాలనుకునేవారికి దాన్ని తప్పనిసరి చేస్తే సగం పని అయిపోయినట్టే.

అభ్యంతరాలు వస్తాయి, అందులో కొన్ని గట్టివే. చానళ్లు మీ పరిధిలో లేవన్నది మొదటిది. నిజమే, అవి 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం కింద సమాచార ప్రసార శాఖ చూసుకునేవి. పత్రికా స్వేచ్ఛ ప్రశ్న కూడా వెన్నంటే వస్తుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ వార్తా గదుల్లోకి తొంగిచూడటం ఎవరికీ మంచిది కాదు. ఈ కోరికలో దానికి తావు లేదు. ఆంక్ష చానల్ మీద కాదు, మీ దగ్గర రిజిస్టరైన విశ్లేషకుడి మీద. అతను ఎక్కడ మాట్లాడినా ధరతో సహా సిఫార్సు చేస్తే నమోదు చేయాలి, ఫలితం చూపించడానికి ఒప్పుకోని చోట సిఫార్సు చేయకూడదు. రిజర్వు బ్యాంకు విధానం మీద, బడ్జెట్ మీద, ఏదైనా కంపెనీ యాజమాన్యం మీద ఎవరైనా ఏమైనా అనవచ్చు. అభిప్రాయానికి లెక్క అడగడం లేదు. ‘ఇంతలో కొనండి, ఇంతలో అమ్మండి’ అన్నది అభిప్రాయం దాటి ఆర్డరు స్లిప్పు దాకా వచ్చిన మాట.

కార్యక్రమం చివర ‘మీ సలహాదారును సంప్రదించి నిర్ణయం తీసుకోండి’ అని వేస్తూనే ఉన్నాంగా అని చానళ్లు అంటాయి. మూడు సెకన్లు నిలవని ఆ సన్నటి అక్షరాల గురించి ఎక్కువ మాట్లాడుకోవడం దండగ. ఉంచాలనుకుంటే కార్యక్రమం నడిచే భాషలో, చదవగలిగే సైజులో ఉంచమనండి చాలు. మదుపరి పసిపిల్లవాడు కాదు, తన డబ్బు తన ఇష్టం అనేవారూ ఉన్నారు. అందులో తప్పేం లేదు. ఎదిగిన మనిషి నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సమాచారమే కదా ఇక్కడ అడుగుతున్నది. ముప్ఫై శాతం నష్టాల రికార్డు ఉన్న నిపుణుడి మాట విని కొంటాను అంటే కొనుక్కోనివ్వండి. ఆ రికార్డు తెలియకుండా కొనిపించడాన్ని మాత్రం స్వేచ్ఛ అనలేం.

గత రాబడి రేపటికి హామీ కాదన్నది ఇంకో వాదన. లెక్క చూపిస్తే, అదృష్టం కొద్దీ నెగ్గినవాడి వెనక జనం ఇంకా ఎగబడతారన్న భయమూ అందులో ఉంది. ఇది ఆలోచించాల్సిన మాటే. నెల రోజుల లెక్క చూపిస్తే జరిగేది అదే. అందుకే కాలవ్యవధి పెద్దదై ఉండాలి. ఏడాదికి దాదాపు 250 ట్రేడింగ్ రోజులుంటాయి. రోజుకు రెండు కాల్స్ ఇచ్చేవారికి ఏడాది తిరిగేసరికి 500 పోగవుతాయి. అన్ని కాల్స్ మీద అదృష్టం ఒకే వైపు నిలవడం కష్టం. ఆ సగటు నిఫ్టీని దాటకపోతే, రోజువారీ సిఫార్సుల మీద ప్రేక్షకుడికి భ్రమ తొలగుతుంది. దాటితే ఆ నిపుణుడికి దక్కాల్సిన పేరు దక్కుతుంది. ఏదైనా మంచిదే. నిజానికి పనితనం ఉన్న విశ్లేషకులే ఈ లెక్కను ముందు కోరుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు వాళ్లూ, వాగ్ధాటి తప్ప ఏమీ లేనివాళ్లూ ఒకే తెర మీద ఒకే హోదాలో కనపడుతున్నారు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇది: టీవీలో గట్టిగా బిగిస్తే ఈ సలహాలన్నీ టెలిగ్రామ్‌లోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి జారుకుంటాయి, అక్కడ ఏ నియమమూ ఉండదు. కొంత జారుకుంటుంది, కాదనడం అమాయకత్వం. అయితే టెలిగ్రామ్ మాటకు టీవీ ముద్ర లేదు. ‘ఫలానా చానల్లో వచ్చే సార్’ అన్న ఆ ముద్రే ఇవాళ గ్రూపులకు చందాదారులను తెచ్చిపెడుతోంది, టీవీ క్లిప్పులే అక్కడ చక్కర్లు కొడుతుంటాయి. టీవీ పేరుకు లెక్క జతపడితే ఆ క్లిప్పుతోపాటు లెక్క కూడా ప్రయాణిస్తుంది. రిజిస్ట్రేషన్ లేని సలహాదారులతో బ్రోకర్లు, ఇతర సంస్థలు సంబంధం పెట్టుకోకూడదని 2024 ఆగస్టులో సెబీ నియమాలు సవరించింది. చీకటి గ్రూపుల మీద ఆ దారి ఉండనే ఉంది. దొంగదారి ఉందని రహదారిలో కొలతలు మానేయడం ఏ శాఖా చేయదు.

ఇవన్నీ చదివి బిజినెస్ టీవీ దండగమారి వ్యవహారమని ఎవరైనా అనుకుంటే అది ఈ లేఖ ఉద్దేశానికి విరుద్ధం. షేర్ల మార్కెట్ అంటే దలాల్ స్ట్రీట్ పెద్దల సొంత వ్యవహారంగా ఉన్న రోజుల నుంచి, 20 కోట్లకు పైగా డీమ్యాట్ ఖాతాలున్న ఈ రోజు దాకా ఆ భాషను జనానికి దగ్గర చేసింది ఈ కార్యక్రమాలే. కంపెనీ అధిపతిని కూర్చోబెట్టి అప్పుల గురించి సూటిగా అడిగిన యాంకర్లూ ఉన్నారు. కానీ ఆ పనికి దొరికే సమయం ఎంత? తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేత రామలింగరాజు లేఖ బయటికి వచ్చేదాకా, ఖాతాల్లో ఉన్నాయని చూపిన నగదులో 5,040 కోట్లు లేవని ఏ తెర మీదా వినలేదు. మూడు నెలలకోసారి ఆ కంపెనీ ఫలితాలు లైవ్‌లో విన్నాం, విశ్లేషణలు విన్నాం, టార్గెట్లు విన్నాం. అంతకు కొద్ది నెలల ముందే దానికి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ఆడిటర్లే పట్టుకోలేనిది టీవీ పట్టుకోవాలనడం అన్యాయం, నిజమే. ఆ రోజు షేరు 179 రూపాయల నుంచి 40కి పడింది, పట్టుకుని కూర్చున్నవారిలో ఆ విశ్లేషణలు విన్నవారూ ఉన్నారు. టార్గెట్లు చెప్పడానికి పోయే గంటల్లో పావు వంతు బ్యాలెన్స్ షీట్ చదవడానికి, నగదు ప్రవాహం అంటే ఏమిటో చెప్పడానికి పోతే ప్రేక్షకుడికి మిగిలేది ఎక్కువ. లెక్క తప్పనిసరి అయితే టిప్పుల విలువ దానంతటదే తగ్గి, కార్యక్రమాలు ఆ వైపు కదులుతాయి.

అయ్యా, మీరు పదవిలోకి వచ్చిన నెలలోనే సెబీ బోర్డు సభ్యుల, అధికారుల స్వప్రయోజనాలు, వెల్లడింపుల మీద ఉన్నతస్థాయి కమిటీ వేయాలని నిర్ణయించారు. నియంత్రించేవారే ముందు తమ లెక్క చెప్పాలన్న ఆ పట్టింపు మెచ్చదగినది. అదే పట్టింపును తెర మీదికీ తీసుకురండి. విశ్లేషకుల నియమావళిలో ‘బహిరంగ మాధ్యమాల్లో సిఫార్సులు’ అన్న భాగానికి ఒక సవరణ, దాని మీద మీ సంస్థ ఎప్పుడూ చేసేటట్టే ఒక చర్చాపత్రం, జనాభిప్రాయానికి కొన్ని వారాల గడువు. ఆ చర్చాపత్రాన్ని ఇంగ్లీషుతో ఆపకుండా తెలుగులోనూ ఇతర భారతీయ భాషల్లోనూ విడుదల చేయండి. పొద్దున తొమ్మిదింటికి ఈ కార్యక్రమాల ముందు కూర్చునేవాళ్లు దాన్ని చదివి, తమ అనుభవాన్ని తామే మీకు రాయగలగాలి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు